నాలుగేళ్ల పిల్లాడికి థెరపీ అంటే అమ్మానాన్నలకు క్లాసులా?

కందుకూరు కోడలు:
మా వాడికి నాలుగేళ్లు. కోపమొస్తే కొరుకుతాడు, చేతికందింది విసిరేస్తాడు. ప్లేస్కూల్ వాళ్లు ఇక పంపొద్దన్నారు. నెల్లూరులో సైకాలజిస్టుకి చూపిస్తే, మీరిద్దరూ కూడా రావాలి, ఎక్కువ పని మీకే అన్నారు. మా అత్తగారేమో "రెండు తగిలిస్తే పోయేదానికి ఫీజు కూడానా" అంటున్నారు. మీరేమంటారు?

పొదలకూరు నిమ్మతోట:
పెద్దామె చెప్పిందే రైటు. పిలకాయలన్నాక అల్లరి చేయరా? మా నాయన చేతి దెబ్బలు తినే పెరిగాం, మాకేమైంది?

ఒంగోలు టీచరమ్మ:
దెబ్బ కొడితే ఆ నిమిషానికి ఊరుకుంటారు. అందుకే దాని మీద అంత నమ్మకం. కానీ కొరికే వాడిని కొడితే, కోపమొచ్చినప్పుడు చెయ్యి లేపొచ్చనే కదండీ వాడికి అర్థమయ్యేది? బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో మాత్రం మన ఇష్టమే అనుకుంటాం!

మీ సైకాలజిస్టు చెప్పింది బహుశా పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ అయివుంటుంది. 1970లలో అమెరికాలో షీలా ఐబర్గ్ రూపొందించారు. ముఖ్యంగా 2 నుంచి 7 ఏళ్ల పిల్లలకు. తల్లీ బిడ్డా గదిలో ఆడుకుంటుంటే, థెరపిస్టు అద్దం వెనక నుంచి చూస్తూ తల్లి చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఏం మాట్లాడాలో చెబుతారు. మొదట ఆట మొత్తం పిల్లాడి ఇష్టం. ప్రశ్నలు, ఆర్డర్లు, తప్పులెంచడం ఉండవు. వట్టి "గుడ్ బాయ్" చాలదు, "బొమ్మలన్నీ బుట్టలో పెట్టేశావే, భలే" అని చేసిన పని చెప్పి మెచ్చుకోవాలి. మారాం చేస్తే పట్టించుకోరు. కొట్టడం, కొరకడం మాత్రం చూసీ చూడనట్టు వదలరు. రెండో దశలో చెయ్యాల్సిన పని ఒక్క మాటలో, స్పష్టంగా చెప్పాలి. వినకపోతే ముందే చెప్పిన టైమౌట్, అంటే కాసేపు ఆట ఆపి కుర్చీలో ఒంటరిగా కూర్చోబెట్టడం. ఇంట్లో రోజూ ఐదు నిమిషాలు ఆ మొదటి దశ ఆటే.

దర్గామిట్ట నాన్న:
వినడానికి బాగుంది మేడమ్. మన ఇళ్లలో తల్లి టైమౌట్ అనగానే నానమ్మ ఎత్తుకుని బిస్కెట్ చేతిలో పెడుతుంది. ఇంకేం థెరపీ? నాది పోర్టులో షిఫ్టు డ్యూటీ, నాలాంటి నాన్నలు ఎప్పుడు వెళ్లేది?

ఒంగోలు టీచరమ్మ:
నానమ్మనీ తీసుకెళ్లండి. నిజానికి చాలా ఇళ్లలో చెడేది అక్కడే. ఇంకోటి, ముందు చెవులూ మాటలూ పరీక్ష చేయించండి. మాట రాని పిల్లలు కొరికి చెబుతారు. పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే ప్రభుత్వ జిల్లా కేంద్రాలు (డీఈఐసీ) ఉన్నవే ఇలాంటివి చూడ్డానికి.

కందుకూరు కోడలు:
మాటలు బాగానే వచ్చాయండీ, తిట్లు కూడా. మరి మందులు ఇస్తారేమో అని టెన్షన్.

ఒంగోలు టీచరమ్మ:
ఏడీహెచ్‌డీ (నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉన్నా సరే, ఆరేళ్ల లోపు వాళ్లకు ముందు తల్లిదండ్రుల శిక్షణే అని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో చెప్పింది.

పొదలకూరు నిమ్మతోట:
చెవిలో ఎవరో చెబుతుంటే బిడ్డతో ఆడుకోవడం నాకైతే నవ్వొస్తోంది. సరే, ఫీజు ఎంతన్నారమ్మా?