మాటంతా ఇంటర్నెట్ మీదికి వచ్చాక నెట్‌వర్క్ పరికరాల కంపెనీల షేర్లు కొనవచ్చా?

మారతహళ్లి మదుపరి

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా నెలనెలా దాచిన డబ్బులో నాలుగో వంతు నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే కంపెనీల్లో పెట్టాలని ఉంది. ఊళ్లో మా అమ్మ కూడా ఇప్పుడు వాట్సాప్‌లోనే మాట్లాడుతుంది. మా ఆఫీసులో బల్లల మీది ఫోన్లు తీసేసి ఏడాది దాటింది. ఫోన్ మాటలన్నీ ఇంటర్నెట్ మీదే నడుస్తుంటే డేటాకు దారి చూపే రౌటర్లు, స్విచ్‌లు, టవర్ మీది రేడియోలు చేసేవారికి ఇక తిరుగేముంటుంది? కాదనేవారు ఉంటే కారణం చెప్పండి.

ప్యాకెట్ పరిశీలకుడు

కాదనేవాడిని నేను. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులో పదిహేనేళ్లుగా నెట్‌వర్క్ పనే చేస్తున్నాను.

మాట చాలా తేలికైన సరుకండీ. మాటను అంకెలుగా మార్చే జీ.711 అనే పద్ధతిలో ఒక కాల్‌కు సెకనుకు 64 కిలోబిట్లు చాలు. 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు (డేటా మూటలు), ఒక్కొక్కదానిలో 160 బైట్ల మాట. పైన చిరునామాల బరువు కలిపినా వంద కిలోబిట్లు దాటదు. మాటను ఇంకా కుదించే జీ.729 అయితే అసలు మాటకు 8 కిలోబిట్లే. పక్కింటి అబ్బాయి చూసే క్రికెట్ వీడియో ఒక్కటే యాభై కాల్స్‌ను మింగేస్తుంది. మాటకు కావలసింది వెడల్పు కాదు, వేళ తప్పకపోవడం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడతారు. కాల్స్ పెరిగాయని కొత్త రౌటర్ కొన్న ఆపరేటర్‌ను నేను చూడలేదు.

ఇక షేర్ల సంగతి. 2000 మార్చిలో రౌటర్లు చేసే అమెరికా కంపెనీ సిస్కో షేరు 80 డాలర్ల దగ్గర ఉంది. మైక్రోసాఫ్ట్‌ను దాటి ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ అయింది. 2001లో 220 కోట్ల డాలర్లకు పైగా నిల్వ సరుకును నష్టం కింద రాసుకుంది. 2002లో షేరు 10 డాలర్ల దిగువకు జారింది. ఆ రెండేళ్లలో ఇంటర్నెట్ రద్దీ తగ్గిందా? లేదు, పెరుగుతూనే ఉంది! కెనడా టెలికాం పరికరాల కంపెనీ నార్టెల్ 2009లో దివాలా తీసింది. కాలువ తవ్వినవాడికి కూలి తవ్వినప్పుడే. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పారినా అతని చేతికి ఏమీ రాదు. మీరు నీళ్లను చూసి కూలివాడి మీద డబ్బు పెడుతున్నారు.

ఎలక్ట్రానిక్ సిటీ వాసి

పాతికేళ్ల నాటి అమెరికా కథతో మన కంపెనీలను తూచడం న్యాయం కాదు. మా వీధికి కూతవేటు దూరంలో తేజస్ నెట్‌వర్క్స్ ఉంది. 2000లో ఈ ఊళ్లోనే పుట్టింది, ఇప్పుడు టాటాల చేతిలో ఉంది. బీఎస్ఎన్ఎల్ 4జీ కోసం లక్ష టవర్ల రేడియో పరికరాలకు 2023లో టీసీఎస్ నుంచి 7,492 కోట్ల రూపాయల ఆర్డర్ వచ్చింది. ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాట్ చేసిన కోర్ (నెట్‌వర్క్ నడిమి భాగం), తేజస్ రేడియోలు కలిసి నడిచే ఆ స్వదేశీ నెట్‌వర్క్‌ను 2025 సెప్టెంబరులో ప్రధాని ప్రారంభించారు. ఇలాంటిది సొంతంగా చేయగల దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దానికి విలువ లేదంటే నేను ఒప్పుకోను. కాలువకు మరమ్మతులు ఉండవా? 4జీ వేసినవారు 5జీ వేయరా?

ప్యాకెట్ పరిశీలకుడు

వేస్తారు. ఎప్పుడు వేస్తారన్నదే ప్రశ్న. తేజస్ ఇంజినీర్ల మీద నాకు గౌరవం తప్ప మరొకటి లేదు. కానీ ఆ ఆర్డర్ సరఫరా జరిగిన 2024–25లో అమ్మకాలు దాదాపు 8,900 కోట్లు. ఆ వెంటనే 2025 ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో సుమారు 200 కోట్లు, నష్టం దాదాపు అంతే. పరికరం చెడిపోలేదు, కొనేవారు ఆగారు.

దూరవాణి నగర్ పెద్దాయన

బాబూ, ఈ చర్చ చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. మా ఐటీఐ, అంటే ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, 1948లో మొదలైంది, స్వతంత్ర భారతంలో తొలి ప్రభుత్వ రంగ సంస్థ. తిప్పిన అంకెలను బట్టి యంత్రమే కదిలి ఫోన్లను కలిపే స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీలు మేము చేసిన కాలంలో పరీక్ష బల్ల దగ్గర నిలబడితే చాలు, అంకె చెవికే తెలిసేది. 5 తిప్పితే సెలెక్టర్ (లైనును ఎంచుకునే యంత్ర భాగం) టకటకమని 5 మెట్లు ఎక్కి ఆగేది, తర్వాతి అంకెకు అడ్డంగా తిరిగేది. మెట్టు తప్పితే ఆ చప్పుడులోనే పట్టుకునేవాళ్లం. అంత పనితనం ఉండేది.

కొనేది మాత్రం ఒక్కరే, ప్రభుత్వ టెలికాం శాఖ. ఆ శాఖ ఎంత కొంటే అంత చేసేవాళ్లం. 1991 తర్వాత ఈ రంగంలోకి విదేశీ కంపెనీలు దిగాయి, కొనేవారి చూపు మారింది. పనితనం ఉన్నా ఊరికే కూర్చోవలసిన రోజులు వచ్చాయి. అందుకే ఎలక్ట్రానిక్ సిటీ వాసి గారి గర్వం నాకు అర్థమవుతుంది, ప్యాకెట్ గారి భయమూ అర్థమవుతుంది. కంపెనీ ఎంత మంచిదన్నది ఒక ప్రశ్న. దాని గుమ్మం ముందు ఎంతమంది కొనుగోలుదారులు నిలబడ్డారన్నది వేరే ప్రశ్న. మీ డబ్బుకు రెండోదే ముఖ్యం.

వైట్‌ఫీల్డ్ కాల్ సెంటర్ ఉద్యోగి

ఇంటర్నెట్ టెలిఫోనీ గురించి ఒక మాట. మన దేశంలో దాని వేగాన్ని సాంకేతికత కన్నా నిబంధనలే ఎక్కువగా నిర్ణయించాయి. 2002 ఏప్రిల్‌లో అనుమతి వచ్చినా, దేశంలోని మామూలు ఫోన్‌కు ఇంటర్నెట్ నుంచి కాల్ చేసే దారి 2018 దాకా తెరుచుకోలేదు. నేను చేరిన కొత్తలో ఒకే బల్ల మీద రెండు ఫోన్లు ఉండేవి, ఒకటి విదేశీ కాల్స్‌కు, ఒకటి స్థానిక కాల్స్‌కు. రెండు వ్యవస్థలూ కలవకూడదు. తనిఖీకి వస్తారంటే వైర్లకు మళ్లీ రంగు చీటీలు అంటించేవాళ్లం. 2020, 2021లో కాల్ సెంటర్ల నిబంధనలు సడలించాక రెండో ఫోన్ పోయింది. అంటే మార్పు వచ్చినప్పుడు మా కంపెనీ పరికరాలు కొనలేదు, ఉన్నవి తీసేసింది!

ఇంటర్నెట్ కాల్స్ వ్యాపారాన్నే కొందామన్నా లాభం ఖాయం కాదు. స్కైప్‌కు మైక్రోసాఫ్ట్ 2011లో 850 కోట్ల డాలర్లు ఇచ్చింది, 2025 మేలో మూసేసింది. స్వీడన్ టెలికాం పరికరాల కంపెనీ ఎరిక్సన్ 2022లో 620 కోట్ల డాలర్లకు వోనేజ్ అనే ఇంటర్నెట్ కాల్స్ కంపెనీని కొంది. మరుసటి ఏడాదే 3,200 కోట్ల స్వీడిష్ క్రోనర్ల మేర దాని విలువ తగ్గించుకుంది.

ఎలక్ట్రానిక్ సిటీ వాసి

డేటా సెంటర్ల లోపలి స్విచ్‌లకు ఇప్పుడున్న గిరాకీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ స్విచ్‌లు చేసే అమెరికా కంపెనీ అరిస్టా లాంటిది దాని మీదే ఎదిగింది. అది మాట మీద ఆధారపడిన వ్యాపారం కాదు.

ప్యాకెట్ పరిశీలకుడు

నిజమే, ఒప్పుకుంటున్నాను. అయితే అరిస్టా అమ్మకాల్లోనూ పెద్ద వాటా మైక్రోసాఫ్ట్, మెటాలదే. పెద్దాయన గారి ప్రశ్న అక్కడా అడగవలసిందే.

మారతహళ్లి మదుపరి

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారి మాట చదివాక నేను అనుకున్న కంపెనీల వార్షిక నివేదికలు తెరిచాను. ఆదాయంలో 10 శాతం దాటిన కొనుగోలుదారుల వివరం చివరి పుటల్లోని వివరణల్లో ఇవ్వాలని లెక్కల నియమమే ఉందట. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ పుటలు తిప్పలేదు. ఒక కంపెనీలో ముప్పావు వంతు ఆదాయం ఒక్కరి నుంచే వచ్చింది, వారి నుంచి రావలసిన బాకీ కూడా పెరిగింది. దాన్ని జాబితా నుంచి తీసేశాను. మిగిలిన రెండింటికీ ఐదేళ్ల లెక్కలు రాసుకుంటున్నాను. నాలుగో వంతు అనుకున్నది ఇరవయ్యో వంతుకు తగ్గించాను. పెద్దాయన గారూ, ఆ స్ట్రౌజర్ సెలెక్టర్ ఒకటి ఎక్కడైనా చూడటానికి దొరుకుతుందా? మా అబ్బాయికి ఆ చప్పుడు వినిపించాలని ఉంది.