యాంటీబయాటిక్ తరువాత ప్రోబయాటిక్ మాత్రలు వేయాలా?

ప్రశ్న:
ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కు అమ్మకు యాంటీబయాటిక్ ఇచ్చారు. దగ్గు తగ్గింది, విరేచనాలు పట్టుకున్నాయి. మల పరీక్షలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. డాక్టరు దానికి వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ రాశారు. ప్రోబయాటిక్ మాత్రలు (మేలు చేసే బ్యాక్టీరియా ఉండేవి) కూడా వేయమని బంధువులు ఒకటే పోరు. వేయాలా?

జవాబు 1:
వేయండి, పోయేదేముంది? మన కణాలకు పదింతలు బ్యాక్టీరియా ఉన్నాయట కదా.

జవాబు 2:
ఆ పదింతల లెక్క పాతబడింది. 2016 అంచనా ప్రకారం మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా 38 లక్షల కోట్లు.

నేను సూక్ష్మజీవుల ప్రయోగశాలలో పనిచేస్తాను. పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియా పైత్యరస ఆమ్లాలను మార్చి డిఫిసిల్‌ను ఎదగనివ్వవు. యాంటీబయాటిక్ ఆ కాపలానే ఊడ్చేస్తుంది. అందుకే ఈ జబ్బు పదేపదే తిరగబెట్టే వారికి నెదర్లాండ్స్ వైద్యులు ఆరోగ్యవంతుల మలాన్ని ద్రావణంగా చేసి, ముక్కు గొట్టం ద్వారా చిన్నపేగులోకి ఎక్కించారు. వినడానికి రోతగానే ఉంటుంది! 2013లో ప్రచురితమైన ఫలితాల్లో 16 మందిలో 13 మందికి ఒక్క విడతతోనే నయమైంది. వాంకోమైసిన్ మాత్రమే తీసుకున్న 13 మందిలో నలుగురికే.

మాత్రల సంగతి వేరు. 2018 నాటి ఇజ్రాయెల్ అధ్యయనంలో, యాంటీబయాటిక్ తరువాత ప్రోబయాటిక్ వాడినవారిలో సొంత సూక్ష్మజీవులు కోలుకోవడం ఆలస్యమైంది. డాక్టరును అడగకుండా వేయకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఇది మాకు అంటకుండా ఇంట్లో అందరం శానిటైజర్ వాడుతున్నాం, చాలా?

జవాబు 2:
చాలదండీ. శానిటైజర్‌లోని ఆల్కహాల్‌కు డిఫిసిల్ బీజాలు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే దాని రూపం) చావవు. సబ్బు, నీళ్లతో రుద్ది కడగాలి.