మబ్బు, ముంత, డివిడెండు

మిత్రులందరికీ నమస్కారం. మొన్న మన గుంపులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు కింద రెండు ముక్కలు రాద్దామని కూర్చుంటే పెద్దదైపోయింది. అందుకని విడిగా పెడుతున్నాను. ఆమె డిగ్రీ కామర్స్ పాఠం ఒకటి తెలుగు చేస్తోంది. కంపెనీలు డివిడెండు, అంటే లాభంలోంచి వాటాదారులకు ఇచ్చే సొమ్ము, ఎంత పంచాలో ఎలా తేల్చుకుంటాయి, పంచినందువల్ల కంపెనీ విలువ పెరుగుతుందా అన్నది పాఠం. అందులో ఒక సిద్ధాంతం పేరును "చేతిలో పిట్ట సిద్ధాంతం" అని రాసి, "చేతిలోని ఒక పిట్ట పొదలోని రెండు పిట్టలతో సమానం" అని వివరించింది. ఇది తెలుగులా ఉందా అని అడిగింది.

అర్థమవుతుంది గానీ తెలుగులా లేదమ్మా. పొదల్లో పిట్టలు పట్టే సామెత మనది కాదు. అదే సంగతి మనవాళ్ళు ఎప్పుడో చెప్పుకున్నారు: "మబ్బును చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టు." ఎప్పుడో వస్తుందో రాదో తెలియని దాన్ని నమ్ముకుని చేతిలో ఉన్నదాన్ని పోగొట్టుకోవడం. మైరన్ గోర్డన్, జాన్ లింట్నర్ అనే ఆర్థికవేత్తలు 1960ల మొదట్లో వాదించింది సరిగ్గా ఇదే. కంపెనీ "లాభం మా దగ్గరే ఉంచుకుంటాం, రేపు షేరు ధర పెరుగుతుంది" అంటే అది మబ్బు. ఈ ఏడాది చేతికిచ్చే డివిడెండు ముంతలో నీళ్ళు. మదుపరి ముంతకే ఎక్కువ విలువ కడతాడు, కాబట్టి ఎక్కువ పంచే కంపెనీకి విలువా ఎక్కువే అని వాళ్ళ మాట. తెలుగు మీడియం పిల్లలకు దీన్ని నేను "ముంతనీళ్ళ వాదం" అనే చెప్తాను. వెనక బెంచీ పిల్లవాడికి కూడా రెండోసారి చెప్పాల్సిన పని ఉండదు.

అయితే దీనికి 1961లో మెర్టన్ మిల్లర్, ఫ్రాంకో మొదిలియానీ అనే ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు ఇచ్చిన జవాబు చెప్పాలంటే ముంత, మబ్బు చాలవు. అక్కడ బావి కావాలి. సామెతలో మబ్బు వేరు, ముంత వేరు. మన ముంతకూ ఆకాశంలో మబ్బుకూ సంబంధం లేదు. కంపెనీ అలా కాదు. వాటాదారు ఆ బావికే సొంతదారు. ముంతతో నీళ్ళు తోడుకుంటే బావిలో అన్ని నీళ్ళు తగ్గుతాయి, తోడకపోతే బావిలోనే ఉంటాయి. ఊట ఎంత ఊరుతుందన్నది బావి విలువను తేలుస్తుంది గానీ, మనం ఎన్ని ముంతలు తోడామన్నది కాదు. డబ్బు అవసరమైనవాడు నాలుగు షేర్లు అమ్ముకుంటే తన డివిడెండు తనే చేసుకున్నట్టు. బజారులోనూ ఇది కనిపిస్తుంది. ఏ రోజు నుంచి కొత్తగా కొన్నవాడికి ఈసారి డివిడెండు రాదో ఆ రోజున షేరు ధర దాదాపు ఆ మేరకు దిగి మొదలవుతుంది.

అయితే వాళ్ళిద్దరూ కొన్ని షరతులు పెట్టుకున్నారు. పన్నులు ఉండవు, కొనుగోలు అమ్మకాలకు ఖర్చు ఉండదు, కంపెనీ లోపలి సంగతి అందరికీ ఒకేలా తెలుసు, పెట్టుబడుల ప్రణాళిక మారదు. అనువాదంలో ఈ షరతుల్ని మింగేయకూడదు. మింగేస్తే "డివిడెండుతో విలువకు పని లేదు" అన్న మొండి వాక్యం మిగులుతుంది, అది తప్పు. ఆ షరతులు ఒక్కొక్కటీ ఎక్కడ ఎంత చెదురుతాయన్నదే ఆ తర్వాతి అరవై ఏళ్ళ చర్చ అంతా. దీని కింద మిత్రులు అడిగినవీ, నేను చెప్పినవీ ఇవి.

అనువాదం చేస్తున్న అమ్మాయి: మాష్టారూ, చాలా థాంక్సండీ. ముంత తీసుకుంటున్నాను. అసలు "డివిడెండు" అన్న మాటనే మార్చాలా? నిఘంటువులో "లాభాంశం" ఉంది. మా ఎడిటర్ గారు అదే వాడమంటున్నారు.

నేను: నాకు లాభాంశం మీద కోపం లేదు. హిందీలోనూ అదే మాట. కానీ రెండు ఇబ్బందులు. ఒకటి, ఇవాళ్టి తెలుగు చెవికి "అంశం" అంటే భాగం కంటే ముందు "విషయం" తడుతుంది. చర్చనీయాంశం, ముఖ్యాంశం విని విని పెరిగిన పిల్లలు "లాభాంశం"లో వాటాను చూడరు. రెండోది అసలైనది. లాభం వచ్చిందంటే దాని అంశ నాకు వచ్చి తీరాలి అన్న ధ్వని ఆ మాటలో ఉంది. డివిడెండు అలా రాదు. అది లాటిన్ మాట, "పంచవలసినది" అని అర్థం. లాభం మొత్తం అలా పంచవలసినది కాదు. ఇంత పంచుదాం అని కంపెనీ తీర్మానించి పక్కన పెట్టిన సొమ్మే పంచవలసినది. 2013 కంపెనీల చట్టం 123వ సెక్షన్ ప్రకారం తరుగుదల (యంత్రాలు, భవనాలు అరిగినందుకు రాసుకునే ఖర్చు) తీసేశాక మిగిలిన లాభంలోంచి, లేదా వెనకటి ఏళ్ళ పంచని లాభంలోంచి ఇవ్వవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది నిర్ణయం. ఆ నిర్ణయం మీదే కదా మీ పాఠం మొత్తం.

సంస్కృతం చెప్పే పెద్దాయన: ఒక చిన్న మాట. మన బడి లెక్కల పుస్తకంలో అది ఎప్పటినుంచో ఉంది నాయనా. విభాజ్యం. "విభాజ్యం = విభాజకం × భాగఫలం + శేషం" అని మనందరం వల్లె వేసినదే. ఇంగ్లీషువాళ్ళు లెక్కలకూ షేర్లకూ ఒకటే మాట వాడతారు, మనం లెక్కలకు విభాజ్యం అన్నాం, షేర్లకు వాళ్ళ మాట తెచ్చుకున్నాం. విభాజ్యం అంటే విభజించదగినది, లాటిన్ మాటకు అచ్చంగా అదే అర్థం. భాగం, భాగ్యం కూడా ఆ భజ్ ధాతువులోంచే వచ్చాయి.

నేను: నమస్కారమండీ. ఇన్నేళ్ళు పాఠం చెప్తూ ఈ రెంటినీ కలిపి చూడలేదు. షేర్లకు విభాజ్యం అని ఇప్పుడు మొదలుపెడితే ఎవరికీ అందదు గానీ, వివరణలో తప్పక చెప్పాల్సిన మాట. ఆ సూత్రం కూడా పాఠానికి పనికొస్తుంది. శేషం ఉంది చూశారూ, డివిడెండులో ఒక ఆలోచన దానిమీదే నిలబడింది. ముందు మంచి పెట్టుబడులకు కావలసింది తీసిపెట్టు, శేషం ఉంటే పంచు. కొత్త కొత్తగా ఎదుగుతున్న కంపెనీ పైసా పంచకపోవడానికి, అవకాశాలు తగ్గిన పాత కంపెనీ ధారాళంగా పంచడానికి ఇదే కారణం. కంపెనీ చేతిలో ఉన్న రూపాయి మదుపరి చేతిలోని రూపాయి కంటే ఎక్కువ సంపాదిస్తుందంటే అది అక్కడే ఉండాలి. వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ హాథవే ఆయన చేతికొచ్చాక 1967లో ఒక్కసారి పంచింది, మళ్ళీ పంచలేదు. అయినా దాని విలువ ఎన్నో రెట్లు పెరగడం అందరం చూశాం.

కొత్తగూడెం మిత్రులు: సార్, "లాభాల్లో వాటా" అని రాద్దామని ఎవరన్నా అంటే దయచేసి ఆపండి. మా దిక్కు లాభాల వాటా అంటే సింగరేణి కార్మికులకు దసరా ముంగట ఇచ్చేదే. మా నాయిన ఉన్నప్పటి నుంచి ఇంట్లో అదే మాట. డివిడెండు అంటే సర్కార్లకు పోయేది: రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నయి కద. రెండిటికీ ఒకటే మాట పెడితే మా పిల్లలు పరీక్షల తప్పు రాస్తరు.

నేను: ఇది బంగారంలాంటి హెచ్చరిక అన్నా. వాటాదారుకు పెట్టుబడి పెట్టినందుకు వస్తుంది, కార్మికుడికి చెమట ఓడ్చినందుకు వస్తుంది. రెండూ ఒకే లాభంలోంచి రావచ్చు, కానీ హక్కు వేరు. పైగా ఇందాకటి శేషం సంగతికి మీ సింగరేణే మంచి ఉదాహరణ. 2024లో నికర లాభం 4,701 కోట్లు అన్నారు. విస్తరణ పెట్టుబడులకు 2,289 కోట్లు ముందే తీసిపెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు ఇచ్చారు. 33 శాతం నిజమే, కానీ దేనిలో 33 శాతం అన్నది వాక్యంలో ఉండాలి.

విజయవాడ నుంచి ఒక అక్కయ్య: నాకు షేర్లు తెలియవు తమ్ముడూ, కానీ డివిడెండు నలభై ఏళ్ళుగా తెలుసు. చీటీ పాట రోజు రాత్రి మా అమ్మ "ఈ నెల డివిడెండు ఎంతొచ్చింది" అని అడిగేది. అది వేరే మాటా?

నేను: మాట ఒకటే అక్కయ్యా, వస్తువు వేరు. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ అనుకోండి. అవసరమున్న ఒకరు పాతికవేలు తగ్గించి పాడుకున్నారు. అందులో నిర్వాహకుల కమిషను ఐదు వేలు పోతే ఇరవై వేలు మిగిలాయి, తలా వెయ్యి. ఆ నెల ఐదు వేలకు బదులు నాలుగు వేలు కడతారు. ఆ వెయ్యి ఏ వ్యాపారమూ సంపాదించిన లాభం కాదు, మన పక్కవాడు తన అవసరం కొద్దీ వదులుకున్న సొమ్ము. 1982 చిట్‌ఫండ్ చట్టం కూడా దాన్ని డివిడెండు అనే అంది. 2019లో సవరించినప్పుడు ఆ మాట తీసేసి, తగ్గింపులో వాటా అని అర్థం వచ్చే మాట పెట్టారు. చట్టం మారినా ఇళ్ళల్లో ఇంకా డివిడెండే. తెలుగు పాఠకులకు షేర్ల సంగతి రాసేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. చదివేవాళ్ళలో చాలామందికి ఆ మాట చీటీ నుంచే వచ్చింది. చీటీలో ప్రతి నెలా వస్తుంది కాబట్టి, షేర్లలోనూ ఏటా వచ్చి తీరాలనుకుంటారు. ఇంకొందరు "షేర్ల వడ్డీ" అంటారు. వడ్డీ అప్పు తీసుకున్నవాడు నష్టపోయినా కట్టాల్సిందే. డివిడెండు ప్రకటించేదాకా ఎవరికీ బాకీ కాదు, ప్రకటించాక మాత్రం బాకీయే. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఏడేళ్ళు ఎవరూ తీసుకోకపోతే అది కేంద్రం నడిపే మదుపరుల నిధికి పోతుంది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ పాత షేరు కాగితాలుంటే ఇవాళే తీసి చూడండి.

బ్యాంకు మిత్రులు: పత్రికల్లో "2000 శాతం డివిడెండు" అని పెద్ద అక్షరాలతో వేస్తారు కదా సార్, దాని గురించి కూడా రాయండి. మా బ్రాంచికి వచ్చి లక్ష పెడితే ఇరవై లక్షలా అని అడిగినవాళ్ళున్నారు.

నేను: తప్పు అడిగినవాళ్ళది కాదండీ, వాక్యం రాసినవాళ్ళది. టైర్ల కంపెనీ ఎంఆర్‌ఎఫ్ 2023-24కు షేరుకు మొత్తం 200 రూపాయలు ఇచ్చింది. ముఖ విలువ, అంటే బజారు ధరతో పని లేకుండా షేరు మీద రాసి ఉండే విలువ, 10 రూపాయలు కాబట్టి 2000 శాతం. అప్పటికి షేరు ధర లక్ష పైనే. లక్ష పెట్టి కొన్నవాడికి 200 అంటే 0.2 శాతం. రెండు అంకెలూ నిజమే, కానీ పాఠకుడికి కావలసింది రెండోది. నేనైతే "షేరుకు 200 రూపాయలు" అని రాసి ఊరుకుంటాను.

"ప్రకటించింది" అన్న మాట దగ్గరా ఒక జారుడు ఉంది. ఏడాది చివరి డివిడెండును డైరెక్టర్ల బోర్డు సిఫారసు చేస్తుంది, వార్షిక సభలో వాటాదారులు ప్రకటిస్తారు. సభ తగ్గించవచ్చు గానీ, కంపెనీల నియమావళి మామూలుగా బోర్డు చెప్పినదానికంటే పెంచనివ్వదు. ఏడాది మధ్యలో ఇచ్చే మధ్యంతర డివిడెండును మాత్రం బోర్డే ప్రకటిస్తుంది. అన్నిటికీ "ప్రకటించింది" రాస్తే నిర్ణయం ఎవరిదో చెరిగిపోతుంది.

అనువాదం చేస్తున్న అమ్మాయి: మాష్టారూ, పాఠంలో ఇంకో చోట "డివిడెండ్లు జిగటగా ఉంటాయి" అని వచ్చింది. అలాగే ఉంచనా?

నేను: వద్దమ్మా. జిగట అంటే మనకు బెండకాయ గుర్తొస్తుంది. లింట్నర్ 1956లో 28 కంపెనీల పెద్దల్ని కలిసి మాట్లాడి తెలుసుకున్న సంగతి అది. వాళ్ళు లాభం పెరగ్గానే డివిడెండు పెంచరు, ఆ పెరుగుదల నిలుస్తుందని నమ్మకం కుదిరాక మెల్లగా పెంచుతారు. ఒకసారి పెంచాక తగ్గించడానికి ప్రాణం ఒప్పదు, ఎందుకంటే తగ్గిస్తే బజారు దాన్ని చెడువార్తగా చదువుతుంది. ఎవరికి వాళ్ళు పెళ్ళిళ్ళలో చదివింపుల సంగతి గుర్తు చేసుకోండి. పోయినసారి పెట్టినదానికంటే తగ్గిస్తే ఏమనుకుంటారోనని అప్పు చేసైనా అంతే పెడతాం. కాబట్టి "ఒకసారి పెంచాక దించరు" అని వాక్యంగా రాయి. ఇక్కడే మిల్లర్, మొదిలియానీల షరతు ఒకటి చెదిరింది చూడు. లోపలి సంగతి అందరికీ ఒకేలా తెలియదు, అందుకే డివిడెండు ఒక కబురు అవుతుంది.

పన్ను ఉండదన్న షరతు చెదరడం మన దేశంలో ఇంకా స్పష్టం. 1997 నుంచి 2020 మార్చి దాకా డివిడెండు మీద పన్ను ప్రధానంగా కంపెనీయే కట్టేది. 2020 ఏప్రిల్ నుంచి అందుకున్నవాడి ఆదాయంలో కలిపి వాడి శ్లాబు ప్రకారం వేస్తున్నారు. పింఛను మీద బతికే ఆయనకూ, పెద్ద శ్లాబులో ఉన్న ప్రమోటరుకూ (కంపెనీని పెట్టి నడిపించే పెద్ద వాటాదారుకూ) ఒకే వంద రూపాయల డివిడెండు ఒకేలా మిగలదు. ప్రమోటరు చేతిలో సగం షేర్లున్నచోట పంచాలా వద్దా అన్న ఆలోచన మీద దీని నీడ పడుతుంది. ప్రభుత్వమే యజమాని అయితే లెక్క ఇంకో తీరు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న, ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ లాంటి కేంద్ర సంస్థలకు, నికర లాభంలో 30 శాతం లేదా నికర సంపదలో (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదానిలో) ఇంత శాతం, ఏది ఎక్కువైతే అది కనీసంగా పంచాలని మార్గదర్శకాలున్నాయి. ఆ రెండో అంకె 2016లో 5, 2024 నవంబరు నుంచి 4. ఖజానా అవసరం కూడా ఒక కారణమేనని పాఠంలో ఒక వాక్యం చేర్చు. 2020లో కరోనా వేళ బ్యాంకులను ఆ ఏడాది డివిడెండు ఇవ్వవద్దని రిజర్వు బ్యాంకు ఆపింది. అక్కడ బావిలో నీళ్ళు ఊరందరి అవసరానికి దాచారు.

అనువాదం చేస్తున్న అమ్మాయి: చివరిది. లాభంలో ఎంత శాతం పంచారన్నదానికి "చెల్లింపు నిష్పత్తి" అని ఉంది మా పదకోశంలో.

నేను: నిష్పత్తి తప్పు కాదు, పొడిగా ఉంది. "పాలు" అనే పాత మాట మనకుంది. పాలు పంచుకోవడం, నాలుగు పాళ్ళు చేయడం అంటాం. "లాభంలో పంచిన పాలు, నిలిపిన పాలు" అని ఒకసారి రాసి చూడు. మొదటిసారి వచ్చినచోట పక్కనే అంకె పెట్టు, ఆవుపాలు అనుకోకుండా.

అనువాదం చేస్తున్న అమ్మాయి: ఇలా రాశానండీ: "ముంతనీళ్ళ వాదం ప్రకారం మదుపరి రేపటి మబ్బు కంటే ఇవాళ్టి ముంతను నమ్ముతాడు. కాబట్టి లాభంలో పంచిన పాలు పెరిగితే కంపెనీ ధర పెరుగుతుంది."

నేను: చాలా బాగుంది. ఒక్క దిద్దుబాటు: "ధర" కొట్టేసి "విలువ" పెట్టు. ధర బజారు చెప్పేది. మీ పాఠం అడుగుతున్నది బావిలో ఊట గురించి.