మిరప ధరల పొట్టి లింకులు మన గ్రూపులో ఆపాలా?

పేరేచర్ల రైతు: గుంటూరు యార్డు ధరలు ఇక్కడ రోజూ పొట్టి లింకుగా వస్తున్నాయి. నొక్కితే ధరల పేజీ తిన్నగా తెరుచుకోదు. నిన్న కంప్యూటర్‌లో గమనించాను: ముందు లింకును కుదించిన సంస్థ, తరువాత పేరు తెలియని ప్రకటనల సైటు, మరొకటి, ఆ తరువాతే ధరలు. పూర్తి చిరునామా ఉన్న లింకులనే అనుమతించాలి.

యార్డు మిత్రుడు: అసలు చిరునామా నాలుగు వరుసలుంటుందండీ. సందేశంలో మధ్యలో విరిగిపోతుంది. పెద్దవాళ్లు సగం నొక్కి, ఏమీ రావడం లేదని నాకే ఫోను చేస్తారు. నొక్కినంత మాత్రాన ఎవరి డబ్బూ పోదు.

తేజ పంట: ఈ రోజు తేజ రకం మిరప ధర ఎంతో ఎవరైనా చెప్పండి.

పేరేచర్ల రైతు: డబ్బు సంగతి నేను ఎత్తలేదు. దారిలోని ప్రతి సర్వరుకూ మన ఐపీ చిరునామా, సమయం, ఫోను రకం చేరతాయి. మన ఫోనులో కుకీ అనే చిన్న గుర్తు పెడితే రేపు మరో లింకు మీద వెళ్లినా గుర్తుపడతాయి. మా నాన్నగారి ఫోనులో పది రోజులుగా ఏది తెరిచినా బంగారం తాకట్టు ప్రకటనలే.

యార్డు మిత్రుడు: దానికి నా లింకే కారణమని రుజువేమిటి?

పేరేచర్ల రైతు: లేదు. ఎవరికి ఏం చేరిందో చూసుకునే వీలే మాకు లేదు కదా!

బ్రాడీపేట నెట్‌వర్కు: లింకులు కుదించే బిట్లీ సంస్థ లింకైతే చివర ప్లస్ గుర్తు చేర్చి తెరవండి, ఎక్కడికి పంపుతుందో చూపుతుంది. అయితే అది మొదటి మజిలీయే. అక్కడి నుంచి ఎటు మళ్లిస్తారో చెప్పదు.

యార్డు మిత్రుడు: రుజువు లేకుండానే దొంగను చేశారు. పదకొండేళ్లుగా తెల్లవారకముందే యార్డుకు వెళ్లి ధరలు రాసుకొస్తున్నాను. పొట్టి లింకును ఎంతమంది, ఎప్పుడు నొక్కారో లెక్క కనిపిస్తుంది, అది తెలిస్తేనే నాకు ఓపిక. రాత్రి పదకొండింటికి కూడా తెరుస్తున్నారు, తెలుసా?

పేరేచర్ల రైతు: నా భయం ఆ లెక్క గురించేనండీ. మీరు కమీషన్ వ్యాపారం చేస్తారు. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి అర్ధరాత్రి ధర చూసుకునే రైతుల ఆత్రం మీకు తెలుస్తోంది. మీ కొనుగోలుదారు ఎంతవరకు పెట్టగలడో మాకు తెలియదు.

యార్డు మిత్రుడు: ఆ లెక్కలో పేర్లు ఉండవు.

పేరేచర్ల రైతు: బేరానికి పేర్లెందుకు? అందరం తొందరలో ఉన్నామని తెలిస్తే చాలు.

తేజ పంట: రాత్రి పదకొండింటికి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. నలభై టిక్కీలున్నాయి. అది లెక్కకెక్కుతుందని ఎవరూ చెప్పలేదు. ధరను సందేశంలోనే రాయండి మిత్రుడు గారూ, తేజ ఒక్కటి రాసినా చాలు.