మొదటి నవల రాశాను, ఏజెంటు కోసం తిరగాలా, ఈబుక్‌గా నేనే వేసుకోవాలా?

సాంచెలవాడ:
అందరికీ నమస్కారం. మాది సిరిసిల్ల. ఐదేళ్ళు పట్టి ఒక నవల పూర్తి చేశాను, సుమారు 62 వేల పదాలు. మా నాన్న ముప్పై ఏళ్ళు సాంచెలు (మరమగ్గాలు) నడిపాడు, మేం ఆ చప్పుడులోనే చదువుకున్నాం, ఆ బతుకే ఈ కథ. సంభాషణలన్నీ మా ఊరి మాటలోనే ఉన్నాయి.

నెట్‌లో ఎక్కడ చూసినా ముందు లిటరరీ ఏజెంటును, అంటే మన తరఫున ప్రచురణకర్తతో మాట్లాడేవాళ్ళను, పట్టుకోమనే ఉంది. సరేనని మూడు అధ్యాయాలు నేనే ఇంగ్లీషులోకి మార్చి, కథాసారం కలిపి 11 మందికి మెయిల్ చేశాను. ఎనిమిది నెలలైంది. ఏడుగురి నుంచి ఉలుకూ పలుకూ లేదు, ముగ్గురు మర్యాదగా వద్దన్నారు, ఒకాయన మాత్రం ఫోన్ చేసి చాలా బాగుందమ్మా, మొత్తం చదవడానికి 15 వేలు పంపండి అన్నాడు. ఎనిమిది నెలల్లో నా రాత గురించి విన్న ఒకే ఒక మంచి మాట అది, అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

ఇంకోవైపు ఒక సెల్ఫ్ పబ్లిషింగ్ కంపెనీ వాళ్ళు ఈబుక్, 50 కాపీలు, ప్రచారం కలిపి 48 వేలు అడుగుతున్నారు. అగ్రిమెంటులో "సర్వహక్కులూ సంస్థకే" అని ఒక లైను ఉంది. పోనీ నేనే ఈబుక్ చేసుకుందామంటే, ఇక్కడ డీటీపీ చేయించిన ఫైలు అను ఫాంట్లలో ఉంది, ఫోన్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ పిచ్చి గుర్తులే. ఏం చేయాలో చెప్పండి.

పాత ప్రూఫ్ రీడర్:
అమ్మా, ముందు ఆ 15 వేలు పంపకు. ఏజెంటు అనేవాడు పుస్తకం అమ్ముడయ్యాక రచయితకు వచ్చేదాంట్లో 15 శాతం తీసుకుంటాడు. చదవడానికే డబ్బులడిగేవాడికి ఇక పుస్తకం అమ్మిపెట్టాల్సిన అవసరమేముంది?

అసలు తెలుగులో ఏజెంట్లు ఎందుకు లేరో ఒక లెక్క వేసి చూడు. మొదటి నవల 500 కాపీలు వేస్తారనుకుందాం, ధర 200, రాయల్టీ (ధరలో రచయిత వాటా) 10 శాతం. అన్నీ అమ్ముడైతే నీకొచ్చేది 10 వేలు, అందులో ఏజెంటు వాటా 1500. ఆ 1500 కోసం ఏడాది పాటు ఎవరు తిరుగుతారు? వారపత్రికల్లో సీరియల్స్ నడిచిన రోజుల్లో రచయిత నేరుగా ఎడిటర్‌కే పంపేవాడు, ఇప్పుడు ప్రచురణకర్తకు పంపుతున్నాడు, మధ్యలో మనిషి అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. నీకు జవాబు రాకపోవడం నీ రాతలో లోపం అనుకోవద్దు, నువ్వు తట్టిన తలుపులు ఇంగ్లీషు పుస్తకాలవి.

జనవరిలో విజయవాడ బుక్ ఫెస్టివల్‌కో, మామూలుగా డిసెంబరులో జరిగే మన హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో వెళ్ళు. స్టాళ్ళలో కొత్త నవలలు ఎవరు వేస్తున్నారో చూడు, ఇద్దరు ముగ్గురివి కొని చదువు, ఆ తర్వాత వాళ్ళకు తెలుగులోనే మొత్తం నవల పంపు. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాలు నవలల పోటీలు పెడుతుంటాయి, వాటి మీద కూడా ఒక కన్నేసి ఉంచు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో, పోటీలకు మామూలుగా ఎక్కడా అచ్చుకాని రచన కావాలంటారు, ఆన్‌లైన్‌లో పెట్టినా అచ్చయినట్టే లెక్కేస్తారు. తొందరపడి ఈబుక్ పెట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

రెండు ఈబుక్కులు:
అక్కా, నేను రెండు నవలలు సొంతంగా ఈబుక్స్ వేశాను కాబట్టి ఫైలు సంగతి చెప్తాను, ఎందుకంటే నేను బాగా దెబ్బతిన్నది అక్కడే. అను ఫాంట్లు యూనికోడ్ కాదు, యూనికోడ్ అంటే ఏ ఫోన్‌లో, ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి. ఆ ఫాంటు లేని చోట నీ అక్షరాలు అక్షరాలే కావు. కన్వర్టర్లు ఉన్నాయి, మొత్తం మారుస్తాయి కానీ వత్తుల దగ్గర తప్పులు వస్తాయి. నా మొదటి పుస్తకంలో "స్త్రీ" అన్న ప్రతిచోటా ఒక వత్తు ఎగిరిపోయింది, నేను చూసుకోలేదు, పుస్తకం కొన్నావిడ మెసేజ్ పెడితే తెలిసింది. రెండోసారి అధ్యాయం అధ్యాయం ప్రింటు తీసి, పాత కాపీ పక్కన పెట్టుకొని, స్కేలు అడ్డంపెట్టి లైను లైను చదివాను. నెలన్నర పట్టింది. నీకైతే ఇంకా జాగ్రత్త కావాలి, మాండలికం మాటలు ఏ స్పెల్‌చెకర్‌కూ తెలియవు.

ఎక్కడ పెట్టాలంటే, 2016 చివర్లో అమెజాన్ వాళ్ళ కిండిల్‌లో ఐదు భారతీయ భాషలు తెచ్చారు, హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం, అందులో తెలుగు లేదు. కాబట్టి కేడీపీలో, అంటే కిండిల్‌కు మన పుస్తకం మనమే ఎక్కించుకునే సైట్‌లో, అప్‌లోడ్ చేసేముందు వాళ్ళ భాషల లిస్టు చూసుకో. తెలుగు లేకపోతే వేరే భాష పేరు పెట్టి ఎక్కించకు, ఏదో రోజు తీసేస్తారు, వచ్చిన రివ్యూలు కూడా పోతాయి. కేడీపీ సెలెక్ట్ అనే వాళ్ళ స్కీములో చేరితే 90 రోజులు ఆ ఈబుక్ ఇంకెక్కడా పెట్టకూడదు, అదీ చూసుకో. గూగుల్ ప్లే బుక్స్‌లో ఈపబ్ ఫైలు (ఈబుక్కులకు వాడే ఫైలు రకం) మనమే పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) కూడా కేంద్ర ప్రభుత్వ సైట్‌లో ఉచితమే, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది, ప్యాకేజీలవాళ్ళు దానికీ డబ్బులు వేస్తారు.

అమ్మకాల సంగతీ చెప్పాలి. మొదటి ఏడాది నావి 83 అమ్ముడయ్యాయి. అందులో సగం మా వాట్సాప్ గ్రూపులవాళ్ళే. అయినా ముక్కూమొహం తెలియని ఒకాయన దుబాయ్ నుంచి రాత్రి ఒంటిగంటకు చదవడం అయిపోయిందని రాశాడు, ఆ మెయిల్ ఇప్పటికీ దాచుకున్నాను.

గుంటూరు ప్లీడర్:
ఆ "సర్వహక్కులూ" లైను ఉన్నంతవరకు సంతకం పెట్టొద్దండీ. డబ్బు మీరిచ్చి హక్కులు కూడా మీరే ఇవ్వడమేమిటి? కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చే కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా భావిస్తారు. అందుకే కొందరు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ముందే రాసేసుకుంటారు, ఆ రెండు మాటలు ఉన్నాయేమో వెతకండి. ప్రింటు, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వీటిలో ఏది ఇస్తున్నారో దేనికది విడిగా, ఎన్నేళ్ళకో అంకెతో రాయించుకోండి. రేపు మీ కథ ఎవరైనా సినిమా తీస్తామంటే మీరు ఇంకొకరిని అడుక్కునే పరిస్థితి రాకూడదు.

సాంచెలవాడ:
అందరికీ చాలా థ్యాంక్సండీ. పొద్దున ఆ ఫోన్ చేసినాయనకు వద్దని మెసేజ్ పెట్టేశాను. కంపెనీవాళ్ళను ఆ లైను తీసేయమని అడిగితే అందరికీ ఇదే అగ్రిమెంటు అన్నారు, అదీ వదిలేశాను. నిన్న రాత్రి మొదటి అధ్యాయం యూనికోడ్‌లోకి మార్చి చూసుకున్నాను, 14 పేజీల్లో 37 తప్పులు దొరికాయి, ఎక్కువగా వత్తులే. ముందు మొత్తం సరిచేసి, ఈబుక్ పెట్టకుండా ఇద్దరు ప్రచురణకర్తలకు పంపుతాను. మా నాన్న చూపు ఆనడం లేదు, కాబట్టి రోజూ సాయంత్రం నేను పైకి చదువుతున్నాను, మాట ఎక్కడ మా ఊరిది కాకుండా పోయిందో ఆయనే ఆపి చెబుతున్నాడు. సిరిసిల్ల, కరీంనగర్ వైపు వాళ్ళెవరైనా చదివి తప్పులు చెప్తామంటే ఇక్కడ రాయండి, రెండో అధ్యాయం అయ్యాక పంపుతాను.