ఆరు మానాలు, ఎనిమిది గుంటలు: అమ్మకి ఇంకేం చదవను? మీరేం చదువుతున్నారు?

కిమిడి మందులషాపు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. చిన్న మందుల షాపు. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించి, ఇంటికెళ్ళి రెండు ముద్దలు తిన్నాక ఓ గంట పుస్తకం చదువుతాను. నాకోసం కాదు, అమ్మకోసం. పైకి చదవాలి.

అమ్మకి 78 ఏళ్ళు. పుట్టిల్లు హిరమండలం వైపు. బడి మొహం చూడలేదు. పుస్తకమైనా పేపరైనా ఆవిడకి విశాఖపట్నం రేడియోనే. మొన్న ఎండాకాలం ఆ రేడియో మూగబోయింది. బాగుచేసే మనిషి ఇప్పుడు ఊళ్ళో లేడు. ఫోన్లో కథలు పెట్టిస్తే రెండ్రోజులు విని, "ఇది కత సెప్తా సెప్తా మద్దిన సబ్బులమ్ముతాది, నాకొద్దు" అనేసింది. సరే, నేను చదువుతానన్నాను. అన్నాక తెలిసింది ఎంత పనో.

నేను చదివింది ఒడియా మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడతాం, అంతే. అక్షరాలు నాన్న నేర్పారు. ఆ తర్వాత నేను చదివిన తెలుగంతా సినిమా పోస్టర్లు, పాతపట్నం బస్సుల బోర్డులు, పెళ్ళి శుభలేఖలు. ఒత్తు మీద ఒత్తు వస్తే బండి ఆగిపోతుంది. అమ్మ ఏమీ అనదు, మోకాలి మీద చేత్తో తట్టుకుంటూ కూచుంటుంది. ఆ తట్టడంతోనే నాకు టెన్షన్.

మొదట కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' పట్టుకున్నాను. కథే కదా, ఒక రాత్రిలో అయిపోతుందనుకున్నాను. ఏడు రాత్రులు పట్టింది. సగం నా నత్తనడక వల్ల, సగం అమ్మ వల్ల. అప్పల్రాముడి అప్పు మీద పంచాయితీ నడుస్తుంటే అమ్మ కూడా పంచాయితీలో కూచుంది. "ఆగు. శ్రీరాములునాయుడు ఏటన్నాడో మళ్ళీ సదువు." మళ్ళీ చదివితే, "మాట మెత్తగానే ఉంది. మెత్తగున్న మాటకే బయపడాల." నాలుగో రాత్రి, తన నాన్న బాకీ కింద పోయిన రెండు మడిచెక్కల సంగతి చెప్పింది. నాకు యాభై రెండేళ్ళు, ఈ సంగతి వినడం అదే మొదలు. ఆ రాత్రి పుస్తకం ముందుకు సాగలేదు. కథ చివర ఏమవుతుందో చదివినవాళ్ళకి తెలుసు, చదవనివాళ్ళకి చెప్పను. అయ్యాక అమ్మ మంచినీళ్ళు తాగి పడుకుంది. పొద్దున్న టీ గ్లాసు అందిస్తూ, "ఈయాల సదవకు" అంది.

నాలుగు రోజులు ఊరుకున్నాను. తర్వాత నాకు చేతనైన దారి పట్టాను. ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియా నవల, 'ఛ మాణ ఆఠ గుంఠ'. ఒడియాలో చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం. అమ్మకి ఒడియా బజారులో బేరం వరకూ వచ్చు, నవల వరకూ రాదు. గొంతు సవరించుకుని పేరు చెప్పాను: "ఆరు మానాలు, ఎనిమిది గుంటలు."

అమ్మ కాసేపు ఆలోచించింది. "ఆరు మానాల బియ్యంతో ఎనమండుగురు గుంటల్ని ఎలగ సాకిందిరా ఆ తల్లి?"

మా వైపు గుంటలంటే పిల్లలు కదా. మాన అంటే బియ్యం కొలుచుకునేది. ఇది భూమి లెక్కే అమ్మా, మాణమంటే ఇంచుమించు ఎకరం, గుంఠ అంటే అందులో పాతికో వంతు, అంటే మన నాలుగు సెంట్లు, మొత్తం ఆరెకరాల ముప్ఫై రెండు సెంట్లు అని చెప్పాను. విన్నది. కానీ నాకే ఆవిడ చెప్పిన కథ బాగుందనిపించింది. ఇప్పటికీ రోజూ రాత్రి, "ఏటి, ఆ ఎనిమిది గుంటల కత తియ్యి" అంటుంది.

అది ఈ వారంలో అయిపోతుంది. అందుకే అడుగుతున్నాను. తెలుగులో ఇంకేం చదవను? పైకి చదవడానికి వీలుండాలి. అక్షరం మరీ సన్నంగా ఉండకూడదు, నాకూ నలభై దాటి చాన్నాళ్ళయింది. వరసగా రెండు ఏడుపు పుస్తకాలు అయ్యాయి కాబట్టి కాస్త నవ్వు కూడా కావాలి. మీరిప్పుడేం చదువుతున్నారో కూడా రాయండి.

బరంపురం కోడలు:

అన్నయ్యగారూ, ఎనిమిది గుంటల దగ్గర నవ్వలేక చచ్చాను. మా అత్తగారికి చదివి వినిపిస్తే ఆవిడా నవ్వారు.

ఆ నవల మా ఇంట్లో వేరేగా తగిలింది. మేం నేతవాళ్ళం. మా మామగారి చేతి మీద ఎన్ని పట్టు చీరలు దిగాయో లెక్క లేదు. నవల్లో ఆ భూమి ఎవరిది? భగియా, సారియా అనే నేత దంపతులది. పిల్లల్లేని సారియాని, అమ్మవారికి గుడి కట్టిస్తే కడుపు పండుతుందని నమ్మించి, గుడి కోసం అప్పు చేయించి, ఆ అప్పు కింద పొలం కలిపేసుకుంటాడు జమీందారు మంగరాజు. ఆ ఘట్టం నేను ఒక్కసారే చదివాను. రెండోసారి పుస్తకం తీసినా ఆ పేజీలు దాటేస్తాను.

ఒక్క మాట, తెలుగులో చెప్పేటప్పుడు ఆ రచయిత వెటకారం జారిపోకుండా చూసుకోండి. మంగరాజు ఏకాదశి ఉపవాసం గుర్తుందా? ఆయన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడని రచయిత పొగుడుతాడు. ఆ రాత్రి గదిలో కడవెడు పాలూ అరటిపళ్ళూ ఉంటాయి, తెల్లారేసరికి ఖాళీ కడవ ఉంటుంది. అక్కడ మీరు నవ్వకూడదు. మొహం సీరియస్‌గా పెట్టుకునే చెప్పాలి. నవ్వడం అమ్మగారి వంతు.

నేనిప్పుడు చాసో (చాగంటి సోమయాజులు) కథలు చదువుతున్నాను, రెండోసారి. మీ అమ్మగారికి 'వాయులీనం' చదవండి. చిన్న కథ. ఒక రాత్రిలో అవుతుంది, మీ నత్తనడకకి రెండు రాత్రులు. భార్య జబ్బుకి డబ్బుల్లేక ఆమె ఫిడేలు అమ్మేస్తాడు భర్త. మంచివాడే. అదే బాధ. అందులో చీరల మాట కూడా వస్తుంది. చీరలు నేసే ఇంట్లో కూచుని ఆ కథ చదివితే, చీర మీద కోపం వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. అయ్యో, మీరు నవ్వు కావాలన్నారు కదూ. అయితే ఇది తర్వాతకి దాచుకోండి.

గోదారి ఇవతల:

నమస్తే అన్నా. మాది సిరొంచ, మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా. అవతలి ఒడ్డున కాళేశ్వరం. మా దగ్గర గుంట అంటే పిల్లగాడు కాదు, మీ ఒడిశా గుంట కూడా కాదు. ఎకరానికి నలభై గుంటలు. ఒక్కో గుంట 121 గజాలు. మీ నవల మా ఊరికొస్తే ఆ భూమి ఇంకింత తగ్గుతది.

నాది మీ కథే, లిపి వేరు. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. వంతెన పడకముందు పడవల గోదారి దాటి అవతలికి పోయేది. బస్టాండుల కూసుండి బోర్డులు కూడబలుక్కుంట తెలుగు నేర్చుకున్న. ముప్పై ఏండ్లప్పుడు. మొదటిసారి పూర్తిగా చదివిన తెలుగు నవల దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు'. నైజాం కాలం నాటి పల్లె, దొర, వెట్టి. కానీ నేను కథ కోసం చదవలే. అందుల మనుషులు మాట్లాడే మాట మా అవ్వ మాట. అప్పటిదాకా అచ్చులో ఉండే తెలుగు వేరే, మేం మాట్లాడేది ఏదో తక్కువది అనుకుంటుంటి. ఒక్కో మాట దగ్గర వేలు పెట్టి ఆగిన. ఇంటికాడ ఎవరన్నా చూస్తే ఇంత పెద్దోడు వేలు పెట్టి చదువుతున్నడేందని నవ్వుతరని, పొలం కాడికి తీస్కపోయి చదివిన.

ఇప్పుడు చదువుతున్నది మరాఠీల. వ్యంకటేశ్ మాడ్గూళ్కర్ 'బనగరవాడి', 1955 నాటిది. గొర్లకాపరుల ఊరికి కొత్తగా వచ్చిన కుర్ర పంతులు. బడి ఉన్నది, పిల్లలు లేరు, పిల్లలంత గొర్ల ఎంబడి. చిన్న పుస్తకం. నవ్వూ ఉన్నది, కరువూ ఉన్నది. మీరు ఒడియా నుంచి చెప్పినట్టు నేను దీన్ని మా అవ్వకు తెలుగుల చెప్పాలని చూసిన. ఆమె గొర్ల ధర దగ్గర ఆగిపోయింది. ఆ కాలంల గొర్రె ఎంతకు పోయేదో నన్ను తెలుసుకొని రమ్మన్నది.

జయపురం:

గోపీనాథ్ మహంతి 'పరజా'. మూడోసారి. 1945లో వచ్చిన నవల, మా కొరాపుట్ కొండల కథ. సుక్రుజాని అప్పుకోసం షావుకారు దగ్గర గొత్తికి, అంటే అప్పు కింద వెట్టికి, కుదురుతాడు, కొడుకులూ కుదురుతారు. 'యజ్ఞం' తర్వాత మాత్రం దీన్ని అమ్మగారికి చదవకండి. ఆరు నెలలు గడవనివ్వండి.

కళింగ మాస్టారు:

పర్లాకిమిడిలో ఉండి పైకి చదువుతున్నారు, సంతోషం. గిడుగు రామమూర్తి పంతులు గారు అక్కడి రాజావారి బడిలోనే పంతులు. సవర భాష నేర్చుకుని, ఆ భాషకి 1931లో ఒక వ్యాకరణం, 1938లో నిఘంటువు వేయించారు. 1936లో మీ ఊరు ఒరిస్సాలో కలిసిందని అలిగి రాజమండ్రి వెళ్ళిపోయారు. మీరు మాత్రం ఒత్తుల దగ్గర ఆగుతానంటున్నారు. ఆగండి, ఫరవాలేదు, మానకండి.

నవ్వు కావాలన్నారు. 'కన్యాశుల్కం' ఉండగా వేరే వెతుకులాట దేనికి? నాటకం కాబట్టి పైకి చదవడానికే పుట్టింది. ఇంకో విశేషం. గురజాడ వారి మొదటి కూర్పు అచ్చయింది 1897లో. మీరు చదువుతున్న సేనాపతి నవల 'ఉత్కళ సాహిత్య' పత్రికలో మొదలైందీ 1897లోనే. ఇక్కడ విజయనగరం, అక్కడ కటకం. ఇద్దరూ ఊరి పెద్దమనుషుల్ని ఒకేసారి ఉతికి ఆరేశారు. చదవాల్సింది మాత్రం 1909 కూర్పు. అందులోనే మధురవాణి పూర్తిగా మధురవాణి అయింది.

ఆ తర్వాత రావిశాస్త్రి. ఇది తప్పనిసరి.

ఇంకొకటి. ఎప్పుడైనా శ్రీకాకుళం వస్తే కథానిలయానికి వెళ్ళండి. 'యజ్ఞం' రాసిన ఆయనే తనకి వచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997లో కట్టించారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అక్కడికి చేర్చాలని ఆయన పట్టుదల. నేను వెళ్ళిన ప్రతిసారీ ఒక పాత 'భారతి' సంచిక తీసి కూచుంటాను, మధ్యాహ్నం భోజనం మాట మరిచిపోతాను. ఇంట్లో చివాట్లు మామూలే.

కిమిడి మందులషాపు:

మాస్టారూ, రావిశాస్త్రి గారి మీద నాకు గౌరవమే. కానీ ఆయన ఒక పోలిక మొదలుపెడితే దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. మనసులో చదువుకుంటే అమృతం. పైకి చదివితే నాకు ఊపిరందలేదు. అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తప్పనిసరి అన్నారు కాబట్టి రెండో ప్రయత్నం చేస్తాను, సంక్రాంతి తర్వాత.

చెల్లెమ్మా, ఏకాదశి దగ్గర మీరు చెప్పినట్టే మొహం బిగించుకుని మళ్ళీ చెప్పాను. ఖాళీ కడవ దాకా వచ్చేసరికి అమ్మ, "పిల్లి తాగేసుంటాదిలే" అంది, అంతకన్నా సీరియస్‌గా. ఓడిపోయింది నేనే.

సిరొంచ తమ్ముడూ, వేలు పెట్టి చదవడం నేనూ చేస్తాను. పొలం లేదు కాబట్టి షాపులో, బిల్లు పుస్తకం అడ్డం పెట్టుకుని.

కిమిడి మందులషాపు: (పన్నెండు రోజుల తర్వాత)

'కన్యాశుల్కం' తెచ్చాను. టెక్కలిలో దొరకలేదు, శ్రీకాకుళంలో దొరికింది. అక్షరం సన్నమే. షాపులో చదువు కోసం వాడే భూతద్దం ఇంటికి మోస్తున్నాను. మందు సీసాల మీద గడువు తేదీలు చూడటానికి అది లేక షాపు కుర్రాడు విసుక్కుంటున్నాడు.

సమస్యేమిటంటే అమ్మకి ఒక్క గొంతు చాలటం లేదు. గిరీశం, వెంకటేశం, బుచ్చమ్మ అందరూ ఒకేలా మాట్లాడుతున్నారట. "ఆడగొంతు ఆడగొంతులా ఉండాల కదా." అందుకని బుచ్చమ్మ మాటలకి మా ఆవిడని పిలిచాం. ఆమెది ఛత్రపూర్, తెలుగు చదవడం రాదు. నేను చెవిలో చెప్తే ఆమె పైకి అంటుంది. అగ్నిహోత్రావధాన్లకి ఎవరూ దొరకలేదు. ఆ కేకలు అమ్మే వేస్తానంది. ముందు నేను చెప్పాలి, తర్వాత ఆవిడ అరవాలి. మొదటి రాత్రి ఎదురింటివాళ్ళు తలుపు కొట్టి, ఏమైంది, గొడవా అని అడిగారు. ఇప్పుడు వాళ్ళమ్మాయి కూడా వచ్చి కూచుంటోంది, వెంకటేశం వేషానికి.

గిరీశాన్ని అమ్మ మొదటి రంగంలోనే పట్టేసింది. ఇంగ్లీషు ముక్కలు నాకూ సరిగ్గా పలకలేదు, ఆవిడకి అర్థమూ కాలేదు. "ఈడు బాకీలోడురా" అంది. ఎలా తెలిసిందమ్మా అంటే, "అన్నేసి మాటలు ఊరికే ఆడతారేటి?"

నిన్న రాత్రి మధురవాణి ఇంట్లో గొడవ ముదురుతుంటే కరెంటు పోయింది. ఆపేద్దామన్నాను. అమ్మ లేచి తడుముకుంటూ టార్చి తెచ్చింది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. "నువ్వు సదువు, నాను పట్టుకుంటాను" అంది. పట్టుకుంది, కానీ వెలుతురు పుస్తకం మీద కాదు, నా మొహం మీద. కిందికి పట్టమ్మా అంటే రెండు లైన్లు కిందికి పట్టి మళ్ళీ పైకే. అలాగే రంగం పూర్తి చేశాం.