మూడు గ్రోషెన్ల ఆపెరా: 1930, 1958 రికార్డింగులను ఎలా వినాలి?

ప్రశ్న

సంగీతకర్త కుర్ట్ వైల్, నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్‌ల జర్మన్ సంగీత నాటకం డ్రైగ్రోషెన్ ఓపర్ (మూడు గ్రోషెన్ల ఆపెరా) పాత రికార్డింగులు రెండు ఉన్నాయి. ఒకటి 1958లో బెర్లిన్‌లో చేసినది, రెండు ఎల్పీలు, మోనో. రెండోది 1930లో టెలిఫుంకెన్ అనే కంపెనీ రికార్డు చేసిన పాటలు. వీటికి డిజిటల్ కాపీలు రెండు, అసలు లక్క రికార్డు ఒకటి ఉన్నాయి. సందేహాలు ఇవి:

1930 కాపీలు రెండూ ఒకే శ్రుతిలో లేవు. ఒకటి దాదాపు అరస్వరం ఎక్కువగా పలుకుతోంది. ఏది నమ్మాలి?

లక్క రికార్డును ఎల్పీ ముల్లుతో వేస్తే బుస శబ్దమే ఎక్కువ. మాటలు దుప్పటి కింద నుంచి వచ్చినట్టున్నాయి.

1958 సెట్టులో గాయని లోటె లెన్యా పాడుతోందో మాట్లాడుతోందో తెలియడం లేదు. ఇదంతా పదునైన వ్యంగ్యం అంటారు, వింటే బాణీలు తియ్యగా ఉన్నాయి. ఆ పదును ఎక్కడ ఉందో చెప్పగలరా?

జవాబు 1

ముందు ముల్లు సంగతి. ఎల్పీ ముల్లు మొన 18 మైక్రాన్లు. పాత మోనో ఎల్పీలకైతే 25. మీ లక్క రికార్డు లాంటి 78 వేగం రికార్డు గాడి చాలా వెడల్పు, దానికి 75 మైక్రాన్ల గుండ్రటి మొన కావాలి. సన్న ముల్లు గాడి గోడలను పట్టుకోకుండా అడుక్కి జారిపోయి, అక్కడ పేరుకున్న దుమ్మునూ గీతలనూ చదువుతుంది. మీరు వింటున్న బుసలో ఎక్కువ భాగం అదే. 78కి సరిపడే ముల్లుంటే బరువు కూడా 4 నుంచి 5 గ్రాములు పెట్టాలి. ఒకటిన్నర గ్రాముకు అది గాడిలో నిలవదు.

మాట మూగబోవడానికి కారణం వేరు. మీ ఫోనో ఆంప్లిఫయర్‌లో ఉన్నది ఆర్‌ఐఏఏ దిద్దుబాటు. అది 1954 తర్వాత స్థిరపడిన పద్ధతి. ఎల్పీ కోసేటప్పుడు పై ధ్వనులను పెంచి కోస్తారు కాబట్టి వినేటప్పుడు తగ్గిస్తుంది: 10,000 హెర్ట్జ్ దగ్గర 13.7 డెసిబెల్స్ కోత. 1930 ఐరోపా రికార్డుల్లో ఆ పెంపు లేదు. లేనిదాన్ని తగ్గిస్తే పోయేది జర్మన్ హల్లులే. ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఐఏఏ వంపును తిరగేసి రద్దు చేయండి. తర్వాత సుమారు 250-300 హెర్ట్జ్ కింద మాత్రమే మంద్రాన్ని పెంచి, పై భాగాన్ని ముట్టుకోకండి. అంకె ఖచ్చితంగా ఇదేనని పట్టుబట్టనక్కర్లేదు. సెల్లో, ట్రాంబోన్ ఉబ్బకుండా, పలచబడకుండా వినిపించే చోట ఆపండి.

రికార్డు చేసేటప్పుడు స్టీరియోలోనే తీసుకోండి. తర్వాత ఎడమ ఒక్కటి, కుడి ఒక్కటి, రెండూ కలిపి, ఇలా మూడు రకాలుగా విని చూడండి. ఈ గాడుల్లో సంగీతమంతా ముల్లు పక్కలకు కదిలే కదలికలోనే ఉంటుంది. రెండు చానెళ్లు కలిపితే పైకీ కిందికీ కదిలే కదలికతో వచ్చే చప్పుడు రద్దయిపోతుంది. ఒక గోడ బాగా అరిగి ఉంటే మాత్రం కలపకుండా బాగున్న గోడనే వాడండి.

ఇక శ్రుతి. నిమిషానికి 78 తిరుగుళ్లు అన్నది పేరుకే. ఆ రోజుల్లో ఒకటి రెండు తిరుగుళ్ల తేడా మామూలు. ఒక తిరుగుడు తేడా వస్తే శ్రుతి 22 సెంట్లు మారుతుంది (అరస్వరానికి వంద సెంట్లు). అరస్వరం మారాలంటే సుమారు 4.6 తిరుగుళ్లు కావాలి. అంటే మీ రెండు కాపీల్లో కనీసం ఒకదాని వేగం బాగా తప్పింది. పియానో, హార్మోనియం గట్టిగా వినిపించే చోట శ్రుతి కొలిచే ట్యూనర్ పెట్టి చూడండి. ‘ఎ’ స్వరం 435-440 హెర్ట్జ్ మధ్య పడాలి. ఒక్క పాటతో తేల్చకండి, గాయకుల కోసం పాటను వేరే శ్రుతికి మార్చడం ఉండేదే. అన్ని వైపులూ ఒకే దిశలో ఒకే మేర తప్పితే అది వేగం తప్పే. ఈ సెట్టులో పాటల మధ్య మాటలు ఉండడం అదృష్టం. వేగం ఎక్కువైతే మాట్లాడే గొంతు ముక్కులోకి పోతుంది. అది చెవికి వెంటనే పట్టుబడుతుంది.

1958 రికార్డింగుతో పోల్చి 1930 వేగాన్ని సరిచెయ్యడం మాత్రం వద్దు. లెన్యా గొంతు ఆ మధ్యకాలంలో బాగా కిందికి దిగింది.

జవాబు 2

లెన్యా గురించి. 1898లో పుట్టిన మనిషి. టెలిఫుంకెన్ రికార్డింగు 1930 డిసెంబరులో జరిగింది, అప్పటికి 32 ఏళ్లు. ఆ గొంతు సన్నగా, ఎత్తుగా, దాదాపు బడిపిల్లలా ఉంటుంది. 1958 జనవరికి 59. గరుకు, ఊపిరి, సగం మాట. రెండూ ఆమే. ఎక్కడ పాడాలో ఎక్కడ వదిలెయ్యాలో ఆమెకు పూర్తిగా తెలుసు. ‘జేరాయ్‌బర్ జెన్నీ’ (సముద్రపు దొంగ జెన్నీ) పాటను రెండు రికార్డింగుల్లోనూ వరసగా వినండి. చవక హోటల్లో గ్లాసులు కడిగే పనిపిల్ల, ఎనిమిది తెరచాపలూ యాభై ఫిరంగులూ ఉన్న ఓడ వచ్చి ఊరిని నేలమట్టం చేస్తుందని కలగంటుంది. చరణం గబగబా గొణుగుడు. ఓడ పేరెత్తగానే నడక నెమ్మదించి, స్వరం విశాలంగా తెరుచుకుంటుంది. ఎవరిని చంపాలని అడిగితే అందరినీ అంటుంది, తలలు తెగిపడుతుంటే ‘హోప్లా’ అంటుంది. అక్కడ పెద్ద గొంతుతో అరిచే గాయని పాటను చంపేస్తుంది. పనిపిల్ల అరవదు కదా, ఆ మాట చేతిలోంచి గ్లాసు జారినంత మామూలుగా రావాలి.

మీరడిగిన పదును సరిగ్గా ఆ తియ్యదనంలోనే ఉంది. ‘మోరిటాట్’ అంటే బజార్లో బొమ్మల పలకలు చూపిస్తూ హత్యల కథ చెప్పే పాట. వైల్ దానికి చక్రం తిప్పే బజారు ఆర్గన్ లాంటి హార్మోనియం పెట్టాడు. బాణీ చరణం చరణానికీ అదే, నేరాలు మాత్రం పెరుగుతూ పోతాయి. ‘త్సూహెల్టర్ బల్లాడె’ మెత్తని టాంగో. వేశ్యాగృహంలో గడిపిన రోజులను దొంగల నాయకుడు మెకీత్, వేశ్య జెన్నీ ఇద్దరూ కాపురం జ్ఞాపకాల్లా తలుచుకుంటారు. పాట అవుతుండగానే జెన్నీ అతణ్ణి పోలీసులకు పట్టించే ఏర్పాటు జరిగిపోయి ఉంటుంది. ‘కనోనెన్ సాంగ్’ (ఫిరంగుల పాట)లో మెకీత్, పోలీసు అధిపతి బ్రౌన్ పాత సైన్యపు స్నేహితులుగా ఫాక్స్‌ట్రాట్ నాట్యపు నడకలో పాడతారు. కాలు కదులుతుంది, మాటలేమో వలస దేశాల్లో మనుషుల్ని ముక్కలు చెయ్యడం గురించి. మాటల అనువాదం ఎదురుగా పెట్టుకోకపోతే ఇందులో సగం దక్కదు.

పీచమ్ పాడే ఉదయ ప్రార్థనను మళ్లీ మళ్లీ వినండి. దీనికి మూలమైన 1728 నాటి లండన్ బిచ్చగాళ్ల ఆపెరా నుంచి వైల్ అట్టేపెట్టుకున్న బాణీ అదొక్కటే. బిచ్చగాళ్లకు వేషాలూ అనుమతులూ అమ్మే వ్యాపారి, పొద్దున్నే చర్చి పాట ధోరణిలో జనాన్ని నిద్రలేపుతాడు. మూడో ఫినాలె (అంకం ముగింపు పాట)లో హేళనకు గురయ్యేది ఆపెరా అనే కళే. ఉరికంబం దగ్గరికి రాణిగారి దూత గుర్రమెక్కి వచ్చి క్షమాభిక్షతో పాటు కోట, ఏడాదికి 10,000 పౌండ్ల పెన్షన్ ప్రకటిస్తాడు. సంగీతం నిండు గంభీరంగా, పాత ఆపెరా పద్ధతిలో నడుస్తుంది. అక్కడ నవ్వించే స్వరం ఒక్కటీ లేదు, ఉండకూడదు.

ప్రశ్న వేసినవారు

ముల్లు, దిద్దుబాటు సంగతి స్పష్టమైంది. మరి బుస తగ్గించే ఫిల్టరు ఎంత వాడొచ్చు? లక్క రికార్డును కడగవచ్చా? రెండింటిలో ముందు ఏది వినమంటారు?

జవాబు 3

ముందు 1930. ఇందులో నా పక్షపాతం గట్టిదే. 1928 ఆగస్టు 31న షిఫ్‌బావర్‌డమ్ థియేటర్లో (బెర్లిన్) మొదటి ప్రదర్శనకు సంగీతం నడిపిన థియో మాకెబెన్, అదే లూయిస్ రూత్ బ్యాండుతో ఈ రికార్డింగూ చేశాడు. బ్యాండులో మనుషులు కొద్దిమందే, ఒక్కొక్కరూ రెండు మూడు వాద్యాలు మార్చి మార్చి వాయిస్తారు. సాక్సఫోన్ ఆగిన చోట క్లారినెట్ రావడం, గిటార్ పోయి బాంజో రావడం అందుకే. ఆ పొడి శబ్దం తర్వాత ఏ పెద్ద ఆర్కెస్ట్రాలోనూ దొరకలేదు. మొదటి రాత్రి పీచమ్‌గా వేసిన ఎరిక్ పోంటో, బ్రౌన్‌గా వేసిన కుర్ట్ గెరోన్ ఇద్దరూ ఇందులో ఉన్నారు. గెరోన్‌ను నాజీలు 1944లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు. ఆ గొంతు మనకు మిగలడమే గొప్ప.

లోటు ఒకటుంది. నాలుగు రికార్డులు, ఎనిమిది వైపులు, వైపుకు మూడు నిమిషాల చొప్పున. కాబట్టి పాటలు కత్తిరించారు, కొన్ని తొందరపడతాయి. పాట మొత్తం కావాలంటే విల్‌హెల్మ్ బ్రుక్నర్-రూగెబెర్గ్ నడిపిన 1958కే రావాలి. లెన్యా స్వయంగా దగ్గరుండి చేయించిన రికార్డింగు అది. నాటకంలోని సంభాషణలు లేవు, పాటలు దాదాపు అన్నీ ఉన్నాయి. మొదటి ప్రదర్శనలో నటి పాడనన్నందుకు తీసేసిన ‘కామానికి బానిసత్వం’ పాట కూడా ఉంది, ట్రూడె హెస్టర్‌బెర్గ్ గొంతులో. ఇంకో ముచ్చట: 1930లో మెకీత్‌గా పాడిన విల్లీ ట్రెంక్-ట్రెబిచ్ 1958లో పీచమ్. దొంగ ముసలివాడై వ్యాపారి అయినట్టు వినిపిస్తుంది, ఆపెరా చెప్పే మాటకు అది భలే అతుకుతుంది.

జవాబు 1 ఇచ్చినవారు మళ్లీ

ఫిల్టరు 7,000-8,000 హెర్ట్జ్ పైన మాత్రమే, అదీ మెల్లగా వాలేలా పెట్టండి. 4,000 దగ్గర కోస్తే బుసతో పాటు ‘స’, ‘ట్స్’, ‘ఖ్’ శబ్దాలు పోయి పీచమ్ మర్యాదస్తుడైపోతాడు. టిక్కుటిక్కులను చేత్తో ఒక్కొక్కటిగా తీయండి. ఆటోమేటిక్ పద్ధతి ట్రంపెట్ మొదలయ్యే దెబ్బను కూడా టిక్కు అనుకుని మింగేస్తుంది.

కడగవచ్చు. లీటరు డిస్టిల్డ్ నీళ్లలో నాలుగైదు చుక్కల వాసన లేని డిటర్జెంటు కలిపి, మెత్తని బ్రష్‌తో గాడి వెంట రుద్దండి. లేబుల్ తడవకూడదు. వెంటనే మంచి డిస్టిల్డ్ నీళ్లతో కడిగి, నిలబెట్టి ఆరనివ్వండి. ఆల్కహాల్ కలిసిన ద్రవాలు ఎల్పీలకు పనికొస్తాయేమో గానీ లక్కను కరిగిస్తాయి. ఒక్కసారి తగిలినా గాడి పోయినట్టే. అంచు చిట్లి లోపలి పొర కనిపిస్తుంటే నీళ్లు కూడా వద్దు, పొడి బ్రష్‌తో సరిపెట్టండి.

మీ 1958 మోనో ఎల్పీకి 25 మైక్రాన్ల ముల్లు, ఆర్‌ఐఏఏ అలాగే ఉంచండి. ఇంతకు ముందు ఆ ముల్లుతో ఎవరైనా బరువైన చేతితో అరగదీసి ఉంటే 18 వేసి చూడండి, గోడలో అరగని చోటు దొరకొచ్చు. ఆ కాలపు అసలు మోనో కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే భాగం) చేతికొస్తే దాన్ని స్టీరియో ముద్రణ మీద మాత్రం పెట్టకండి. పైకీ కిందికీ వంగని ముల్లు ఆ గాడిని దున్నేస్తుంది.